తొలకరి పొలం, పన్నెండు అంతస్తుల చీకటి

(కర్నూలులో ఒక ఆదివారం సాయంత్రం, ఆటల మీద ఆసక్తి ఉన్న మిత్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ ఏడు తొలకరి పడిన మర్నాడు నేను తుగ్గలి మీదుగా జొన్నగిరి వెళ్లాను, పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లను చూద్దామని. మన జిల్లాలో ఇది ఎవరికీ కొత్త కాదు. వాన వెలిసిందో లేదో క్యారియర్లలో అన్నం కట్టుకుని, పిల్లాజెల్లాతో జనం దిగిపోతారు. తల వంచుకుని, నేల మీద నుంచి చూపు తిప్పకుండా, ఒక్కో అడుగే వేసుకుంటూ పొద్దంతా తిరుగుతారు. గట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కొంగులో పిడికెడు రాళ్లు. ఒక్కోదాన్ని చెంబులో ముంచి, మట్టి వదిలించి, ఎండకు ఎత్తి చూసి పక్కన పడేస్తోంది. ఎన్నేళ్ల నుంచి వస్తున్నారమ్మా అని అడిగాను. పద్దెనిమిదేళ్లట. అన్నేళ్లలో దొరికింది ఒక్కసారి. మరి ఇదే చేనుకు ఎందుకు వస్తున్నారంటే ఆమె అన్నది: "ఈ చేనంతా నాకు తెలుసు నాయనా. అయినా వాన పడితే మళ్లీ కొత్త చేనే."

ఆ మాట విన్నాక, మెగాడంజన్ అనే భారీ నేలమాళిగ ఆటల మీద ఈ ప్రసంగం ఎక్కడ మొదలుపెట్టాలా అన్న దిగులు నాకు తీరిపోయింది.

ఈ ఆటలు ఎరగనివాళ్ల కోసం ముందుగా రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర పట్టుకుని, మాటలతో పాచికలతో కథ నడుపుకోవడం. వాళ్లలో ఒకరు డంజన్ మాస్టర్. ఎదురుగా ఏముందో చెప్పేది, ఎదురుపడిన ప్రతి ప్రాణి తరఫునా మాట్లాడేది ఆ మనిషే. డంజన్ అంటే నేలమాళిగ: భూమి కింద గదులు, దారులు, ఉచ్చులు, భూతాలు, బొక్కసాలు. మెగాడంజన్ అంటే అదే నేలమాళిగ అంతూ దరీ లేకుండా పెరిగిపోవడం. వందల గదులు, పదీ పదిహేను అంతస్తులు, ఏళ్ల తరబడి ఆడినా ఒడవనంత.

ఇంత పెద్దది ఎందుకు కావలసి వచ్చింది? దీనికి జవాబు ఆట పుట్టుకలోనే ఉంది. 1970ల మొదట్లో అమెరికాలోని మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే ఆయన బ్లాక్‌మూర్ అనే ఊహాకోట కింది మాళిగల్లోకి తన స్నేహితులను దింపాడు. 1972లో ఆ ఆటను విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు తీసుకెళ్లి గ్యారీ గైగాక్స్‌కు ఆడి చూపించాడు. గైగాక్స్ ఇక ఆగలేదు. గ్రేహాక్ కోటను గీయడం మొదలుపెట్టాడు. అందులోకి మొట్టమొదట దిగింది ఆయన పిల్లలు ఎర్నీ, ఎలీజ్. 1974లో ఇద్దరి పేర్ల మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. మంచి డంజన్‌కు కనీసం పన్నెండు అంతస్తులు ఉండాలని, కింద ఎప్పుడూ కొత్త అంతస్తులు కడుతూనే ఉండాలని మూడో పుస్తకం చెబుతుంది. చాలామంది ఈ మాట దగ్గరే ఆగిపోతారు. నేను మాత్రం మొదటి పుస్తకంలోని ఇంకో లెక్క చూడమంటాను. ఒక ఆటలో నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడవచ్చునట, ఇరవై మందికి ఒక మాస్టర్ చొప్పున.

యాభై మంది! అంతమంది ఒక బల్ల చుట్టూ పట్టరు. అది ఒక పేట. ఇవాళ వచ్చినవాళ్లు ఇవాళ దిగుతారు, రేపు వేరేవాళ్లు దిగుతారు. మంగళవారం వాళ్లు తాళం పగలగొట్టిన పెట్టె శనివారం వాళ్లకు ఖాళీగా కనబడుతుంది. గ్రేహాక్‌లో ఆడేవాళ్లు ఎక్కువై గైగాక్స్ ఒక్కడి వల్ల కాక, రాబ్ కుంట్జ్‌ను తోడు మాస్టర్‌గా పెట్టుకోవలసి వచ్చింది. పెద్ద చెరువు ఎందుకంటే నీళ్లకు వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి. ఆ సంగతి మరచిపోయి చెరువు సైజును మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. మెగాడంజన్ మీద నాకు తెలిసిన ఫిర్యాదుల్లో సగం అక్కడి నుంచే మొదలవుతాయని నా నమ్మకం.

ఫిర్యాదుల దగ్గరికి తర్వాత వస్తాను. ముందు దీన్ని ఎందుకు ఇంతగా ప్రేమిస్తున్నానో చెప్పనివ్వండి.

కొండారెడ్డి బురుజు కింద గద్వాల దాకా సొరంగం ఉందని మనందరం చిన్నప్పుడు విన్నవాళ్లమే. తుంగభద్ర అడుగు నుంచి పోతుందని మా అమ్మమ్మ చెప్పేది. బురుజు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నా కాళ్ల కింద ఏముందా అని ఆలోచించేవాణ్ణి. పెద్దయ్యాక బెలుం గుహలకు వెళ్లాను. నంద్యాల జిల్లా రాకముందు అవి మన జిల్లావే. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటి గురించి రాశాడు. 1982-84 మధ్య గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల తిరిగి పటం గీసింది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు నడవగలిగేది అందులో ఇంచుమించు సగం. పాతాళగంగ దాకా దిగి, చెమటతో తడిసి, తిరిగి వస్తుంటే ఒక పక్క దారికి ఇనుప కమ్మీ అడ్డం పెట్టి ఉంది. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. దీపం వెలుగు పది అడుగులు పోయి ఆగింది. ఆ అవతల రాయి ఎడమకు తిరుగుతోంది. నాకు గుహలో అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఆ మలుపే. వెలుగు పెట్టి, పేరు పెట్టి, మెట్లు కట్టి చూపించిన గదులకన్నా చూడని ఆ మలుపు ఎక్కువ కాలం నా వెంట ఉంది.

మెగాడంజన్ ఆకర్షణ అదే. చిన్న డంజన్‌లో మలుపు వెనుక మాస్టర్ ఏదో ఒకటి పెట్టి ఉంటాడని తెలుసు, ఎందుకంటే ఈ రాత్రికే ఆట ముగియాలి. పెద్దదానిలో ఆ మలుపును వదిలేసి పోవచ్చు. ఏడాది తర్వాత రావచ్చు. ఎప్పటికీ రాకపోవచ్చు. ఎటు పోవాలన్నది నిజంగా ఆడేవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

మా మేడ మీద గదిలో ఆరేళ్లుగా ఆడుతున్నాం. పటం గీసే పని ఒక ఫార్మసీ విద్యార్థినిది. గళ్ల కాగితాలు కొని, జిగురుతో అంటించుకుంటూ పోయేది. రెండో ఏడాదికి పటం బల్ల మీద పట్టక నేల మీదికి వచ్చింది. ఫ్యాన్ గాలికి లేవకుండా నాలుగు మూలలా తాళాల గుత్తి, నీళ్ల సీసా, డబ్బాలు పెట్టేవాళ్లం. ఒక రాత్రి అందరం పులి తల ఉన్న తలుపు గురించి వాదించుకుంటుంటే ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని గళ్లు లెక్కపెడుతోంది. "ఆగండి సార్. ఇక్కడ లెక్క కుదరడం లేదు" అన్నది. పడమటి దారి పొడవు ఎనభై అడుగులు. తూర్పు దారి అరవై. రెండింటి మధ్యా నాలుగు గళ్లు బారు, మూడు గళ్లు వెడల్పు చోటు మిగిలిపోయింది. చుట్టూ గోడలే. తలుపు లేదు.

ఆ గదిని నేను గీసి పద్నాలుగు నెలలయింది. నేను ఒక్క సూచన ఇవ్వలేదు, పాచిక వెయ్యలేదు. గది ఉందని ఆమె పెన్సిలే చెప్పింది. దారి మాత్రం పై అంతస్తులోని ఎండిన బావిలో ఉంది. ఆ బావిలోకి వాళ్లు మొదటి రోజే ఒక రాయి వేసి, చప్పుడు విని, పట్టించుకోకుండా వెళ్లిపోయారు. బావి సంగతి గుర్తొచ్చిన క్షణంలో మా మేడ గదిలో అందరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. రాజును చంపిన రాత్రి, రాజ్యం గెలిచిన రాత్రి కూడా మా ఆటల్లో ఉన్నాయి. అలా లేచి నిలబడింది మాత్రం ఆ ఒక్క రాత్రే.

ఇప్పుడు లోపాలు. ఇవి చిన్నవి కావు.

నా మొదటి మెగాడంజన్‌లో పదకొండు అంతస్తులు, 412 గదులు. ఏడాదిన్నర ఒక్కణ్ణే కూర్చుని రాశాను. ఆటగాళ్లు మూడో అంతస్తు దాకా వచ్చారు. ఏప్రిల్‌లో పరీక్షలు, తర్వాత పెళ్లిళ్లు. ఆరు వారాలు ఆట లేదు. మళ్లీ కూర్చున్నప్పుడు బ్యాంకులో పనిచేసే మిత్రుడు అడిగాడు, అసలు మనం దేనికోసం దిగాం అని. ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. ఆ రాత్రే ఆట ఆగిపోయింది. ఎనిమిది అంతస్తులు ఎవరూ చూడకుండా నోటు పుస్తకంలో ఉండిపోయాయి. లెక్క వేసుకుంటే ఇది ముందే తెలియాల్సింది. వారానికి నాలుగు గంటల ఆట, ఒక్కో పూటకు నాలుగైదు గదులు. నాలుగు వందల గదులంటే పండుగలు, జ్వరాలు, ఊరి ప్రయాణాలు ఏవీ లేకుండా దాదాపు రెండేళ్లు. అచ్చయిన పుస్తకాల్లోనూ ఈ బరువు ఉంది. 2004లో వచ్చిన వరల్డ్స్ లార్జెస్ట్ డంజన్ ఎనిమిది వందల పేజీలు దాటింది. 2018లో వచ్చిన డంజన్ ఆఫ్ ది మ్యాడ్ మేజ్‌లో ఇరవై మూడు అంతస్తులు. ఐదో స్థాయి పాత్రలు దిగి, అనుభవంతో ఎదుగుతూ ఇరవయ్యో స్థాయికి చేరేదాకా నడిచేలా రాశారు. యాభై మంది పేట కోసం పుట్టిన రూపాన్ని ఐదుగురి చేతిలో పెట్టి ఒడగొట్టమంటే భుజాలు పడిపోతాయి.

అంతకన్నా లోతైన లోపం ఒకటుంది. దీన్ని గురించి ఎక్కువగా ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. గది మారలేదు, పటం మారలేదు, లెక్క మారింది.

1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ నియమాలు తీసి చూడండి. పైకి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి, పాత్ర స్థాయిని పెంచే అనుభవ పాయింటు ఒక్కోటి. ఆర్క్ అనే మామూలు రాక్షసుణ్ణి ఒకణ్ణి చంపితే వచ్చేది పది పాయింట్లు. అంటే పది నాణేలు మూటగట్టుకుని నిశ్శబ్దంగా జారుకున్నవాడికీ, ప్రాణాలకు తెగించి ఆర్క్‌తో పోరాడినవాడికీ దక్కేది ఒకటే. ఇక కాలం లెక్క. లోపల కాలాన్ని పది నిమిషాల టర్న్‌లుగా కొలుస్తారు. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది. ప్రతి రెండు టర్న్‌లకు మాస్టర్ పాచిక వేస్తాడు. ఒకటి పడితే ఎవరో వస్తున్నట్టు. ఆరు టర్న్‌లలో ఒకటి కూర్చుని సేద తీరాలి. గదులు నింపేటప్పుడు ఆరింటిలో రెండు గదులకే భూతం, ఇంకో రెండు ఖాళీ గదులు. జొన్నగిరి చేనులాగే ఇక్కడా ఎక్కువ భాగం నడక, వెతుకులాట, ఒట్టి మట్టి. అందుకే దొరికినప్పుడు గుండె ఆగినంత పని అవుతుంది. ఆ పెద్దావిడ ఎవరితోనూ కొట్లాడదు. నేలను చదువుతుంది, పొద్దు వాలుతుంటే లేచి వెళ్లిపోతుంది.

1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి బంగారానికి అనుభవం అన్నది ఇష్టమైతే వాడుకునే నియమం అయింది. 2000లో మూడో ఎడిషన్ నాటికి అది లేకుండానే పోయింది. అనుభవం ప్రధానంగా పోరాటం నుంచి రావడం మొదలైంది. పోరాటాలూ పొడవయ్యాయి. ఇప్పుడు ఒక గదిలో గంట గడిచిపోతుంది. తప్పించుకుని పోతే నష్టం, ఆగి చంపితే లాభం. అదే నాలుగు వందల గదుల పటం మీద ఈ లెక్క పెట్టి చూడండి. గది, తలుపు, పోరాటం. గది, తలుపు, పోరాటం. మెగాడంజన్ విసుగు పుట్టిస్తుందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు ఆడింది నిజంగానే విసుగు పుట్టించే ఆట. నా దృష్టిలో ఆ తప్పు పటంలో లేదు, పటం కింద నుంచి తీసేసిన నియమాల్లో ఉంది.

మూడోది అర్థంపర్థం లేని గదులు. ఈ గదిలో సాలీడు, పక్క గదిలో దొంగలు, దాని పక్కన నిద్రపోతున్న డ్రాగన్. ఒకరికొకరు తెలియదు. ఏం తింటారో తెలియదు. నీళ్లు ఎక్కడివో తెలియదు. ఇటువంటివి రాస్తున్న మిత్రులకు నేను చెప్పేది, ఒక్కసారి గండికోట వెళ్లి రండి. మసీదు పక్కనే ధాన్యాగారం. దానికి కొంచెం అవతల చెరువు. జైలు, పావురాల గోపురం, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి. అవతల పెన్న లోయ. ముట్టడి పడితే ఎన్నాళ్లు నిలబడగలరో ధాన్యాగారం గోడలే చెబుతాయి. మనుషులు ఎక్కడ మొక్కారో, ఎవరిని ఎక్కడ బంధించారో, కబురు ఎలా పంపారో నడుస్తూనే అర్థమవుతుంది. బెలుంలో బౌద్ధ, జైన సన్యాసులు నివసించిన ఆనవాళ్లు దొరికాయి. అక్కడ దొరికిన బౌద్ధ అవశేషాలు అనంతపురం మ్యూజియంలో ఉన్నాయి. నీళ్లు తొలిచిన చోటుకు సన్యాసులు వచ్చారు, వాళ్ల తర్వాత ఇంకెవరో, ఇప్పుడు మనం టికెట్ కొని దిగుతున్నాం. ఒకరి మీద ఒకరు కాపురం పెట్టిన జాడ కనబడితే ఏ గది అయినా బతుకుతుంది.

మన భాగవతంలోనే చూడండి. భూమి కింద ఏడు లోకాలు. ప్రతి దానికీ ఒక యజమాని, ఒక కారణం. అతలంలో మయుడి కొడుకు బలుడు. వితలంలో హాటకేశ్వరుడు, అక్కడ పారే హాటకీ నది, అందులో పుట్టే బంగారం. సుతలంలో బలి చక్రవర్తి, ఆయన వాకిట కాపలాగా సాక్షాత్తూ వామనుడు. తలాతలం మయుడిది. మహాతలంలో కద్రువ బిడ్డలు, గరుత్మంతుడి భయంతో బతికే నాగులు. రసాతలంలో దైత్యులు, దానవులు. అట్టడుగున పాతాళం, వాసుకి. ఎవరు ఎవరికి భయపడతారో, ఎవరు ఎందుకు కిందికి వచ్చారో అందులో ఉంది. పన్నెండు అంతస్తులు గీయాలనుకునే తెలుగువాడికి ఇంతకన్నా మంచి ఆరంభం ఏం కావాలి?

దారుల విషయంలో నాకు గురువు డంజన్ల రూపకర్త జెనెల్ జేక్వేస్. 1979లో ఆమె తెచ్చిన కావర్న్స్ ఆఫ్ థ్రేసియా అనే డంజన్‌లో లోపలికి దారులు ఒకటి కాదు. అంతస్తు నుంచి అంతస్తుకు మెట్లు చాలా చోట్ల ఉంటాయి, కొన్ని దాగి ఉంటాయి. దారులు చుట్టూ తిరిగి మొదటికే కలుస్తాయి. ఆమె 2024 జనవరిలో కన్నుమూసింది. ఒకే మెట్ల వరుస ఉన్న పది అంతస్తులకన్నా ఐదు దారులున్న మూడు అంతస్తులు పెద్దవిగా అనిపిస్తాయని నాకు ఆమె పటాల వల్లే తెలిసింది. మా ఎండిన బావి ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఒక లోపానికి మాత్రం నా దగ్గర మందు లేదు. మా బల్ల దగ్గర ఒక లెక్కల మాస్టారు ఆడేవారు. ఆయనకు సంత కావాలి, తగవు కావాలి, పెళ్లి మాటలు కావాలి. ఒక రోజు ఆయన అన్నారు: "నా పాత్ర ఎండ చూసి ఎన్నాళ్లయిందండీ?" నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది. ఆకాశం, పంట, ఊరు, నలుగురు మనుషుల మధ్య మాట: ఇవి కావాలనుకునేవాళ్లకు నేల కింద ఏళ్ల తరబడి ఉండడం శిక్షే. అటువంటివాళ్లను బలవంతం చేయకండి. ఆయన ఇప్పుడు ఇంకో బల్ల దగ్గర ఆడుతున్నారు, సంతోషంగా ఉన్నారు.

ఇక మేము ఇప్పుడు ఎలా ఆడుతున్నామో చెబుతాను. ఆట ముగిసేలోపు అందరూ పైకి రావాలి. లోపలే ఉండిపోతే నా దగ్గర ఒక పట్టిక ఉంది, దాని మీద పాచిక వేస్తాను, అది ఎవరికీ ఇష్టం ఉండదు. ఈ ఒక్క నియమంతో మా కష్టాలు సగం తీరాయి. ఎవరు వస్తే వాళ్లే ఆ పూట దిగుతారు. ఈ వారం ముగ్గురు, వచ్చే వారం ఏడుగురు. ఎవరి పెళ్లయినా, ఎవరి పరీక్షలయినా ఆట ఆగదు. పైన సత్రంలో ఒక చిట్టా పుస్తకం ఉంది. నిజంగానే, రెండు వందల పేజీల పొడుగు పుస్తకం. దిగి వచ్చినవాళ్లు అందులో నాలుగు వాక్యాలు రాసి వెళ్లాలి: ఎక్కడి దాకా వెళ్లాం, ఏం చూశాం, దేన్ని వదిలేశాం. ఎందుకు దిగామో ఎవరికీ గుర్తు లేని రాత్రి మాకు మళ్లీ రాలేదు. బంగారానికి అనుభవం అన్న పాత నియమాన్ని కూడా తిరిగి తెచ్చుకున్నాం.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ నేను వాన కురిపిస్తాను. అంటే, కిందటి వారం వాళ్లు కదిలించిన దాన్ని పట్టి రెండు మూడు చోట్ల మార్పులు చేస్తాను. తలుపు పగిలితే ఎవరో దాన్ని మళ్లీ బిగిస్తారు. కాపలావాళ్లు చనిపోతే కింది అంతస్తు నుంచి ఇంకెవరో పైకి పాకుతారు. అంతకన్నా ఎక్కువ రాయను.

ముందే అంతా రాసి పెట్టుకోవాలా అని ఇందాక ఒకరు అడిగారు. అక్కర్లేదు. 1991లో వచ్చిన రూయిన్స్ ఆఫ్ అండర్‌మౌంటెన్ అనే మెగాడంజన్‌లోనే పటం మీద ఉన్న గదుల్లో చాలావాటిని వర్ణించకుండా మాస్టర్‌కే వదిలేశారు. 2022 డిసెంబరులో షాన్ మెకాయ్ అనే ఆటల రూపకర్త ఒక ప్రతిపాదన పెట్టాడు: 2023లో రోజుకొక గది రాయండి, నెలకొక అంతస్తు, ఏడాదికి పన్నెండు. నేనూ మొదలుపెట్టాను. ఆగస్టు దాకా రాశాను. మిగిలిన నాలుగు అంతస్తులు లేవు. ఎనిమిదో అంతస్తులో మెట్లు ఇటుకలతో మూసి ఉన్నాయి, అవతల నుంచి ఎవరో కడుతున్న చప్పుడు వినబడుతుంది. వాళ్లు అక్కడికి చేరేలోపు నేను రాస్తాను. మొదటి పుస్తకాలు చెప్పిందీ అదే కదా, కింద ఎప్పుడూ పని జరుగుతూ ఉండాలని.

వచ్చే ఆదివారం ఆరు గంటలకు దిగుతున్నాం. కిందటిసారి హడావిడిలో నాలుగో అంతస్తు గుంతలో తాడు వదిలేసి వచ్చారు. అది ఇంకా అక్కడే వేలాడుతోంది, కాకపోతే కింది నుంచి ఎవరో రెండు మూరలు కోసుకుపోయారు. చిట్టా పుస్తకంలో ఇది లేదు, మీకే ముందుగా చెబుతున్నాను. రాదలచుకున్నవాళ్లు గళ్ల కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. పాచికలు మా దగ్గర ఉన్నాయి.